సుమతి చెక్కిన ముఖం

పిస్కాటవే,
11 అక్టోబరు 1981.

సూర్యప్రకాశ్ బావగారికి,

ఇరవై నెలల తర్వాత ఈ చేతిరాత చూసి మీరు కవరు చింపకుండా పక్కన పడేసినా నేను తప్పు పట్టను. ఫోన్ చేయవచ్చు కదా అంటారేమో. ఫోన్ అంటే నాకు భయం పట్టుకుంది. నేను మీ ఇంటికి చేసిన ఆఖరి ఫోన్ ఎలాంటిదో మీకు తెలుసు.

తెలిసినా నా నోటితో ఒకసారి చెప్పుకోవాలి. సరిగ్గా నాలుగేళ్ళ కిందట ఇదే నెల. సుమతి రెసిడెన్సీ మధ్యలో వదిలేసి, ఎవరో జపాన్ పెద్దాయన గరాజ్‌లో కొయ్య చెక్కడం నేర్చుకుంటోందని మీరు నవ్వుతూ చెప్పారు. ఫోన్ తనకి ఇమ్మన్నాను. "చెక్క చెక్కడానికా నిన్ను డాక్టర్ని చేసింది?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవతల నుంచి ఒక్క మాట రాలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా అన్నాచెల్లెళ్ళం మాట్లాడుకోలేదు. తనే ముందు చేస్తుందిలే అని నేను కూర్చున్నాను. కిందటేడు జనవరిలో ఫోన్ వచ్చింది, కానీ మీ దగ్గర నుంచి. మంచు మీద కారు జారిందన్నారు. అంత్యక్రియలకి వచ్చి, ఎవరి ముఖమూ చూడలేక సాయంత్రం విమానానికే తిరిగి వచ్చేశాను.

పోయిన వారం మన రేణు, నేను పంపిన పుట్టినరోజు బహుమతికి థాంక్యూ కార్డు రాసింది. అమ్మ చేసిన కొమ్ముల మాస్కు కొత్త ఇంట్లో కూడా ఉందని చివర్లో ఒక వాక్యం. సుమతి ఏదైనా పూర్తి చేసిందని నాకు అప్పటిదాకా తెలియదు బావగారూ. ఆ రోజే ఇక్కడి యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్ళి జపాన్ నాటకాల మీద రెండు పుస్తకాలు తెచ్చుకున్నాను. కొమ్ములున్న ముఖం ఒకటి అందులో ఉంది. అదేనా?

నాకు ఇవ్వమని అడగడం లేదు. ఆ హక్కు నాకు లేదు. తన చేతులు రెండేళ్ళు తిరిగిన వస్తువు, ఒక్కసారి చూడాలని ఉంది. వీలైతే ఫోటో తీసి పంపండి. భానుమతి మిమ్మల్నీ రేణునీ అడిగానని రాయమంది.

మీ
యజ్ఞనారాయణ

◆

నోవై,
2 నవంబరు 1981.

బావగారికి నమస్కారాలు.

కవరు చింపకుండా పారేసేంత పౌరుషం మా వంశంలో లేదు లెండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రేణుకి కూడా చదివి వినిపించాను, ఫోన్ సంగతి మాత్రం వదిలేసి.

ఆగస్టులో ట్రాయ్ నుంచి ఇక్కడికి మారాం. ఆఫీస్‌కి ఇరవై నిమిషాల డ్రైవ్. ఇద్దరికి ఈ ఇల్లు ఎక్కువే. కానీ ట్రాయ్‌లో ఏ అలమారు తీసినా సుమతి సర్దిన తీరే ఎదురవుతుంటే ఇక ఉండలేకపోయాను. గృహప్రవేశానికి నలభై మంది వచ్చారు. పాలు పొంగగానే స్మోక్ అలారం మోగింది. పురోహితుడి మంత్రాలు ఎవరికీ వినబడలేదు గానీ ఇల్లు మేల్కొందని అందరూ సంతోషించారు.

ఇక మాస్కు. అది గుడ్డ సంచీలో, పెట్టెలో ఉండేది. రాధారాణిగారని ట్రాయ్‌లో మా వెనక వీధి ఆవిడ, సుమతి పోయాక రేణుకి రోజూ జడలు వేసిన మనిషి, సామాను సర్దడానికి వచ్చి దాన్ని బయటికి తీసింది. "అన్నయ్యగారూ, కొత్త ఇంటికి దిష్టిబొమ్మ లేదని మీరు బెంగపడుతున్నారు. ఇంట్లోనే పెట్టుకుని ఎక్కడ వెతుకుతున్నారు?" అంది. నిజమే కదా అనిపించింది. రెండు కొమ్ములు, చెవులదాకా చీలిన నోరు, పైనా కిందా కోరలు, బంగారు కళ్ళు. ఇంతకంటే మంచి దిష్టిబొమ్మ గుంటూరు జిల్లా మొత్తం తిరిగినా దొరకదు. నిచ్చెన వేసుకుని వీధి తలుపు మీద నేనే కొట్టాను. నుదుటి మధ్యలో నాలుగంగుళాల మేకు. ఈ ఊరి గాలికి ఇప్పటిదాకా ఇసుమంత కదలలేదు.

మొన్న హాలోవీన్‌కి చూడాలి మా ఇంటి వైభవం. వీధిలో ఉన్న పిల్లలందరూ మా గుమ్మం ముందే. ఆ మాస్కు ఏ స్టోర్‌లో కొన్నారని ఒకాయన అడిగాడు. మా ఆవిడ చేసిందని చెప్పాను. ఆ మాట చెప్పుకుని చాలా రోజులైంది బావగారూ. ఆమె చేసింది ఇంటి మీద ఉండి మమ్మల్ని కాస్తోందని నాకొక ధైర్యం. ఫోటో జత చేశాను.

అక్కయ్యగారికి నమస్కారాలు. వీలు చూసుకుని మీరే ఒకసారి రండి.

సూర్యప్రకాశ్

◆

పిస్కాటవే,
15 నవంబరు 1981.

బావగారికి,

ఫోటో చూసి ఆ పూట భోజనం మానేశాను. రెండు రోజులు ఆగి రాస్తున్నాను, అయినా కోపం తగ్గలేదు. మీరు ఏం చేశారో మీకు తెలియదు కనుక చెబుతున్నాను, వినండి.

ఆరువందల ఏళ్ళ కిందట జపాన్‌లో ఒక తండ్రీ కొడుకూ ఊళ్ళమ్మట ఆడుతుంటే ఆ దేశపు సేనాధిపతి చూశాడు. కొడుకుకి పన్నెండేళ్ళు. వాళ్ళ ఆట నచ్చి ఇద్దరినీ చేరదీశాడు. 'నో' అనే ఆ నాటకం అలా కొలువుకెక్కింది. మన కూచిపూడిలో లాగే అంతా మగవాళ్ళు, ఆడవేషాలూ వాళ్ళవే. మనవాడు పసుపు రాసుకుని జడ వేసుకుని ఆడది అవుతాడు, వాళ్ళు కొయ్య ముఖం కట్టుకుని అవుతారు. ఆ ముఖం మనిషి ముఖం కన్నా చిన్నది. పదహారేళ్ళ పిల్ల ముఖం కింద అరవై ఏళ్ళ నటుడి గడ్డం కనిపిస్తూనే ఉంటుంది, ఎవరూ దాచరు. తండ్రి నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవడికి ఆ ముఖాలు పట్టు సంచుల్లో వస్తాయి. వందేళ్ళ కిందట ఆ కొలువులు పోయినప్పుడు తిండికి లేక ఎంతోమంది వాటిని అమ్ముకున్నారు. ఈ దేశపు మ్యూజియంలలో గాజు వెనక ఉన్నవి చాలావరకు అవే.

నటుడు దాన్ని పట్టుకునేటప్పుడు చెవుల దగ్గర, తాడు కట్టేచోట మాత్రమే పట్టుకుంటాడు. ముఖానికి వేలు తగలనివ్వడు. రంగం మీదికి వెళ్ళే ముందు అద్దం ఉన్న గదిలో కూర్చుని, ఆ ముఖానికి తల వంచి, అప్పుడు కట్టుకుంటాడు. అలాంటి దాని నుదుట మీరు మేకు కొట్టారు. పైన ఉన్న తెల్ల పూత ఆల్చిప్పల పొడి, జంతువుల జిగురు. జిగురుతో ఇరవై ఏళ్ళు పనిచేసిన కెమిస్టుని, అది మిషిగన్ మంచులో ఒక చలికాలం ఉంటే ఏమవుతుందో నన్నడగండి.

ఇంకొకటి. ఆ ముఖం పేరు హన్యా. మన ప్రజ్ఞ అన్న మాటే చైనా మీదుగా వెళ్ళి అలా అయిందంటారు. ప్రేమించినవాళ్ళు తోసిపుచ్చితే కోపంతో దయ్యమైపోయిన ఆడమనిషి. కాస్త ఎత్తి పట్టుకుంటే మండిపడుతుంది, కాస్త దించితే ఏడుస్తుంది. ఇలాంటి ముఖాలు ముఖ్యమైనవే అరవై రకాలున్నాయట. అన్నిట్లోనూ సుమతి ఇదే ఎందుకు చెక్కింది? ఆ కోపం ఎవరి మీద? మీకు ఏమైనా చెప్పిందా?

యజ్ఞనారాయణ

◆

నోవై,
6 డిసెంబరు 1981.

బావగారికి,

మీ ఉపన్యాసం అందింది.

సుమతి రెండు చలికాలాలు డైనింగ్ టేబుల్ మీద న్యూస్‌పేపర్లు పరిచి చెక్కింది. రాలిన పొట్టు ఊడ్చింది నేను. చెయ్యి తెగితే ప్లాస్టర్ వేసింది నేను. అన్నం మధ్యలో లేచి వెళ్ళి ముక్కు గీత సరిచేసుకుని వస్తే, చల్లారిన పులుసు మళ్ళీ వేడి చేసింది నేను. నాకు నో నాటకం తెలియదు, సేనాధిపతులు తెలియదు. నేను ఆటోమొబైల్ ఇంజనీర్ని, గట్టిగా ఉండాలంటే మేకు కొట్టడం తెలుసు. ఆమె బతికి ఉండగా మీరు దాన్ని చెక్క అన్నారు. ఇప్పుడు వేలు కూడా తగలకూడదు అంటున్నారు.

నేనేదో పూజ్యమైన వస్తువుని పాడుచేశానని రేణు వింటే ఏమనుకుంటుందో ఆలోచించారా? ఆ పిల్ల రోజూ స్కూల్ బస్ ఎక్కే ముందు దానికి చెయ్యి ఊపి వెళుతుంది.

ఎవరి మీద కోపం అని అడిగారు. మీ ఫోన్ వచ్చింది గురువారం. ఆ శనివారమే తన గురువు ఒగినోగారి గరాజ్ నుంచి ఈ ముఖానికి కొయ్య దిమ్మ తెచ్చుకుంది. ఇంతకంటే నేను చెప్పను.

సూర్యప్రకాశ్

◆

పిస్కాటవే,
3 జనవరి 1982.

బావగారికి,

గురువారం, శనివారం. ఇంకేమీ చెప్పక్కర్లేదు, నాకు అర్థమైంది. ఆ ముఖం సుమతి నాకు రాయని ఉత్తరం.

మా నాన్నగారు పోయేనాటికి సుమతికి నాలుగేళ్ళు, నాకు పంతొమ్మిది. తెనాలిలో సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి తీసుకెళ్ళేవాణ్ణి. కోపం వస్తే అది అరిచేది కాదు, ఏడ్చేది కాదు. ముందుకి చూస్తూ కూర్చుని హ్యాండిల్ మీదున్న నా చేతిలో గోళ్ళు గుచ్చేది. బడి వచ్చేదాకా గుచ్చేది. దిగేటప్పుడు నా చెయ్యి చూసి, నోటితో ఉఫ్ అని ఊది వెళ్ళేది. ఆ ఫోన్‌లో మాట రాకపోతే నా మాట వింటోందనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి. పెంచినవాడికి ఆ మాత్రం తెలియదా?

మీ పైన కోప్పడినందుకు క్షమించండి. పొట్టు ఊడ్చిన మనిషి మీద కోప్పడే యోగ్యత నాకు లేదు.

మొదటి ఉత్తరంలో ఇవ్వమని అడగను అన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. కోపం నా మీద అయితే అది నా ఇంట్లో ఉండాలి. రోజూ దాని ఎదురుగా కూర్చుంటాను. సుమతి మాట వినాలని ఉంది బావగారూ, తిట్టినా సరే. రెండేళ్ళుగా వేరే కోరిక లేదు.

మీ
యజ్ఞనారాయణ

◆

నోవై,
21 ఫిబ్రవరి 1982.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందాక వచ్చిన ఆదివారమే మాస్కు దింపాను. నిచ్చెన కాళ్ళు మంచులో దిగబడి ఒక పక్కకి ఒరుగుతుంటే రేణు కింద పట్టుకుంది. ఇన్నాళ్ళూ దాన్ని కింద నుంచే చూశాను. ఆ రోజు నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి పై నుంచి చూస్తే, మీరు రాసిందే. కోపం ఎటుపోయిందో తెలియదు, ఏడుస్తున్న ఆడమనిషి. మేకు పీకడానికి చెయ్యి రాలేదు. రేణు కింద నుంచి "డాడీ, వాట్ హాపెండ్?" అని అడుగుతూనే ఉంది.

మీరు చెప్పినట్టే జరిగింది. ఎడమ చెంప మీద పూత పెచ్చులుగా లేచింది. ఒక కొమ్ము వదులైంది. నుదుట మేకు రంధ్రం, దాని నుంచి కనుబొమ దాకా సన్నని చీలిక. గుడ్డలో చుట్టి, హీటర్ తగలని చోట సుమతి బట్టల అరలో పెట్టాను.

మీకు నేను రాసిన గురువారం, శనివారం అబద్ధం కాదు. కానీ అన్నయ్య మీద కోపమని సుమతి నాతో ఎన్నడూ అనలేదు. లేదనీ అనలేదు. మీ పేరు వస్తే పని చూసుకునేది. నేను కోపంలో రాసిన మాట మీకు ఇంత లోతుగా దిగుతుందనుకోలేదు.

తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు. ఒగినోగారు మా ఫ్యాక్టరీలో కొయ్య నమూనాలు చేసేవారు. కొత్త కారు బొమ్మ ముందు ఆయన చేతిలోనే తయారయ్యేది. చిన్నప్పుడు క్యోటోలో ముఖాలు చెక్కడం నేర్చుకున్నారు. సుమతిని ఆయన దగ్గరికి తీసుకెళ్ళింది నేనే. ఇప్పుడు ఇక్కడ జపాన్ కార్ల వల్ల ఉద్యోగాలు పోతున్నాయని జనం మండిపడుతున్నారు. ముప్ఫై ఏళ్ళు ఈ ఊరి కార్లకి అచ్చులు చేసిన మనిషి కారు అద్దాలు ఎవరో పగలగొట్టారు. ఆయన ఎవరినీ ఏమీ అనకుండా శాన్‌హోసేలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అడ్రస్ సంపాదించి నిన్న ఉత్తరం రాశాను. ఈ ముఖమే ఎందుకని అడిగాను. జవాబు రాగానే, దాన్ని బాగుచేసే మార్గం కూడా కనుక్కుని, మీకు అందజేస్తాను.

సూర్యప్రకాశ్

◆

పిస్కాటవే,
7 మార్చి 1982.

బావగారికి,

ఒగినోగారి జవాబు దేనికి? నాకు అర్థమైన దాన్ని మెత్తగా చేసి చెప్పడానికా? నా బాధ చూడలేక ఆ పెద్దాయన చేత నాలుగు మంచి మాటలు రాయిస్తారేమోనని భయంగా ఉంది. దయచేసి ఆ పని చేయకండి. సుమతి కోపం మీద పూత పూయించకండి. బాగుచేయించనూ వద్దు. ఎలా ఉన్నది అలా పంపండి.

మీకు దాన్ని ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాటే రాయండి. భార్య చేతి వస్తువు, ఇవ్వలేకపోవడం తప్పు కాదు. కానీ రేపూ మాపూ అని నన్ను తిప్పకండి.

యజ్ఞనారాయణ

◆

నోవై,
23 మే 1982.

బావగారికి నమస్కారాలు.

మీ మార్చి ఉత్తరానికి జవాబు రాయలేదు. రాస్తే దెబ్బలాట అవుతుందని ఊరుకున్నాను.

ఒగినోగారి జవాబు నిన్న వచ్చింది. జపాన్ భాషలో ఆయన చెబితే కూతురు ఇంగ్లీషులో టైప్ చేసింది. కాపీ జత చేస్తున్నాను, నేను రాయించానని మీరు అనుకోకుండా. సారాంశం ఇది. ఆయన దగ్గర నేర్చుకునేవాళ్ళు మొదట పడుచుపిల్ల ముఖం చెక్కాలి. సుమతి అది ముగించింది. మొదటిది గురువుకి ఇవ్వడం వాళ్ళ పద్ధతి, ఆయన దగ్గరే ఉంది. రెండోది వయసు మళ్ళిన అమ్మ ముఖం చేస్తానని అడిగిందట. ఆయన కుదరదన్నారు. క్యోటో నుంచి పెట్టెలో తెచ్చుకున్న కొలతల అట్టముక్కలు రెండు ముఖాలకే ఉన్నాయి, పడుచుపిల్లకీ హన్యాకీ. అందుకని హన్యా. కొయ్య దిమ్మ ఆ శనివారం ఇస్తానని ఆయన నెల ముందే చెప్పి ఉంచారు.

ఇక ఆ కోపం. ఆయన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. "శిష్యురాలికి తన కోపం పెట్టే అనుమతి లేదు. ప్రతి గీతకీ ఒక అట్ట ఉంది. అట్ట ఆనించి, వెలుతురు కనపడితే మళ్ళీ చెక్కాలి. ఆమె సొంత కోపం అందులోకి వస్తే నేను గీకించి ఉండేవాణ్ణి. ఆమె చాలా ఓపికగా, చాలా సంతోషంగా చెక్కింది. పని చేస్తూ పాడుకునేది."

కాబట్టి మీ మీద కాదు బావగారూ. నా గురువారం, శనివారం లెక్క తప్పు. అలా రాసినందుకు సిగ్గుపడుతున్నాను. ఈ ఉత్తరం చదివి మీరు హాయిగా నిద్రపోతే నాకు అదే చాలు. ఆగస్టులో సెలవు పెట్టి, రేణుని తీసుకుని, మాస్కు కారులో పెట్టుకుని నేనే వస్తాను.

సూర్యప్రకాశ్

◆

పిస్కాటవే,
6 జూన్ 1982.

బావగారికి,

ఒగినోగారి ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీరు రాయించింది కాదు. ఎవరినైనా ఓదార్చాలనుకునే మనిషి అలా రాయడు.

నాకు హాయి కలగలేదు. మీతో అబద్ధం ఎందుకు? ఈ అయిదు నెలలూ సుమతి నన్ను తిడుతోందన్న నమ్మకంతో బతికాను. స్నానం చేస్తున్నా, లాబ్‌లో ఉన్నా ఆ తిట్లు వింటున్నాను, జవాబులు చెబుతున్నాను. తప్పయిందమ్మా అన్నాను. ఇంతకాలానికి మా ఇద్దరి మధ్య మాటలు నడిచాయి. ఇప్పుడు అది ఎవరి కోపమో, ఎన్ని వందల ఏళ్ళ నాటిదో అంటున్నారు. ఆ ముఖంలో నా చెల్లెలు లేదు, నేనూ లేను. అట్టముక్కలున్నాయి. కోపమైనా నాది అనుకున్నాను బావగారూ. అదీ నాది కాదు.

పాడుకుంటూ చెక్కిందట. ఏం పాడుకునేదో ఆయన రాయలేదు. మీకు తెలిస్తే రాయండి.

రండి. రేణు చిన్నప్పుడు తిన్న మినపసున్ని ఇప్పుడు తింటుందా అని భానుమతి అడుగుతోంది.

యజ్ఞనారాయణ

◆

నోవై,
12 సెప్టెంబరు 1982.

బావగారికి నమస్కారాలు.

క్షేమంగా చేరాం. అక్కయ్యగారు కట్టిచ్చిన పులిహోర ఒహాయో దాటకముందే అయిపోయింది. రేణు స్కూల్‌లో మామయ్య ఇంటి గురించి ఎస్సే రాసింది. అందులో మీ గురించి, మాట్లాడరు గానీ మంచివారు అని ఉంది.

మీరు అడిగిన పాట నాకు తెలియదు. ఆమె పాడుతూ చెక్కుతుంటే నేను టీవీలో వార్తలు వినేవాణ్ణి. ఆ మాట మీ ఎదుట చెప్పలేక మీ ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ తప్పించుకు తిరిగాను.

మూడు రోజులు మీరు ఆ ముఖం ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. దాన్ని ఎందుకు తెచ్చానా అనిపించింది. బయల్దేరే రోజు పొద్దున గుమ్మంలోంచి చూశాను. దాన్ని బోర్లించి, వెనక వైపు ఉలి నడిచిన గాడుల్లో వేళ్ళు పెట్టి ఒక్కొక్కటీ తడుముతున్నారు. నేను వచ్చానని మీకు తెలియదు. వెనక్కి వెళ్ళిపోయాను.

దాని గురించి ఒగినోగారిని ఫోన్‌లో అడిగాను. ముందు భాగానికే అట్టలుంటాయట. వెనక, నటుడి ముఖం ఆనుకునే వైపు, కొలతలు ఉండవు. అక్కడి ఉలి గాడులు చెక్కినవాళ్ళవే, గురువు కూడా దిద్దడు. చూసినవాళ్ళు ఆ గాడులను బట్టే ఇది ఫలానావాళ్ళ చెయ్యి అని చెబుతారట. అక్కడ ఉన్నదంతా సుమతి చెయ్యే.

ముఖం మీ దగ్గరే ఉంచండి. రేణు కూడా సరేనంది. ఆమె ఉలులు పదకొండు, చుట్టిన గుడ్డతో సహా పార్సెల్ చేశాను. ఎందుకు పంపుతున్నానని అడగకండి. ఇక్కడ అవి ఊరికే ఉన్నాయి.

సూర్యప్రకాశ్

◆

పిస్కాటవే,
13 నవంబరు 1983.

సూర్యప్రకాశ్ బావగారికి,

ఉద్యోగం ఉన్నప్పుడు సుమతి ఉలులు పట్టింది శనాదివారాలే. మేలో రిటైర్ అయ్యాక రోజూ బేస్‌మెంట్‌లోనే ఉంటున్నాను. మూడు దిమ్మలు పాడుచేశాను. ఒకదానికి ముక్కు పోయింది, ఒకదానికి దవడ, మూడోదాన్ని చూసి ఇది నీ ముఖమేనని భానుమతి అంది. నాలుగోది ఇప్పుడు నుదుటి దాకా వచ్చింది. ఒగినోగారు అట్టముక్కలకి నకళ్ళు పంపారు. ప్రతి నెలా తప్పులు రాసి పంపుతారు, పొగడ్త ఇంతవరకు లేదు. కిందటి వారం ఎడమ బొటనవేలు బాగా తెగింది. ఇక్కడి ఆస్పత్రిలో అయిదు కుట్లు వేశారు. సుమతి ఉంటే ఇంకా సన్నగా కుట్టేదని భానుమతి అంటే, నిజమేనన్నాను. నా చెల్లెలు ఉలి పట్టినా సూది పట్టినా చెయ్యి ఒక్కటే కదా.

నేను నకలు చేస్తున్నది సుమతి చెక్కిన ముఖాన్ని. అందుకని మీ మేకు సంగతి వచ్చింది. ఒగినోగారు రాసిన పద్ధతి వినండి. పాత ముఖానికి నకలు చేసేవాడు దాని దెబ్బలకి కూడా నకలు చేస్తాడు. ఎక్కడ గీత పడింది, ఎక్కడ పెచ్చు ఊడింది, ఏ నటుడి చెమటకి ఎక్కడ మరక పడింది, అన్నీ కొత్త ముఖం మీదికి దిగుతాయి. ఎవరో ఎప్పుడో చేయి జార్చిన సంగతి నాలుగువందల ఏళ్ళ తర్వాతి ముఖం మీద కూడా ఉంటుంది. మరి ఈ రంధ్రం పూడ్చనా, చెక్కనా అని అడిగాను. ఆ ముఖానికి జరిగింది ఆ ముఖానిదే అని ఒక్క ముక్క రాశారు.

నిన్న పొద్దున నుదుటి మధ్యలో, కొలిచి, రంధ్రం వేశాను. దాని నుంచి కనుబొమ దాకా చీలిక కూడా గీశాను. మీరు నాలుగంగుళాల మేకు అని గొప్పగా రాశారు గానీ రంధ్రం చూస్తే మూడంగుళాలదే. ఇక దాని గురించి మీరు సిగ్గుపడే పని లేదు. దాని ముందు వైపు మన ఇంటిదంటూ ఏదైనా ఉంటే అదొక్కటే.

కానీ వెనక వైపు నాకు రాలేదు బావగారూ. ఆమె ఉలి గాడులు పొడుగ్గా, ఒకే ఊపులో, పక్కపక్కనే వెళతాయి. నావి తడబడతాయి. అవి మాత్రం నకలు చేయకూడదట, చేయాలన్నా నా వల్ల కాదు. ఉలి నూరుకుని మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఆ ఊపు రావడానికి ఆమె ఎన్ని గంటలు కూర్చుని ఉంటుందో ఇప్పుడు నా చేతులకి తెలుస్తోంది.

ఆ గురువారం నేను ఫోన్‌లో ఒక్కటి అడగాల్సింది. ఏం చెక్కుతున్నావమ్మా అని. అడిగి ఉంటే సుమతి ఆగేదా? దిమ్మ ఏ వైపు తిప్పి పెట్టుకోవాలో, ఉలి ఎంత వాలుగా నడవాలో, పూత ఎన్నిసార్లు పూసి ఎన్నిసార్లు అరగదీయాలో గంటసేపు చెప్పేది. అవన్నీ ఇప్పుడు శాన్‌హోసే నుంచి ఉత్తరాల్లో నేర్చుకుంటున్నాను. ఒగినోగారి మాటలు తెలుగులోకి మార్చి నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను, తను అయితే ఎలా చెప్పేదో అలా. ప్రతి వాక్యం చివర అన్నయ్యా అని నేనే పెట్టుకుంటున్నాను.

మీ
యజ్ఞనారాయణ